మూడు చుక్కల పోర్టల్

సర్కారు కొలువులో ఎర్రరంగుకున్న మర్యాద ఇంకే రంగుకీ లేదు. పని జరిగిన ఫైలు మీద ఎర్రసిరా పడుతుంది. పని జరగని ఫైలు తెల్లగా, కడిగిన ముత్యంలా ఉంటుంది. ఈ చిన్న సత్యం వంటబట్టినవాడు పైకి పోతాడు, పట్టనివాడు సంజాయిషీలు రాసుకుంటూ కూర్చుంటాడు. తీరప్రాంత పడవల అనుమతుల డైరెక్టరేటులో కాంట్రాక్టు మీద ప్రోగ్రాములు రాసే నూకరత్నానికి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. ఆమె చదివిన ఇంజినీరింగు కాలేజీలో ఈ పాఠం లేదు మరి.

ఆ ఏడు డైరెక్టరేటు వారికి ఆన్‌లైన్ పూనకం వచ్చింది. పాత కాగితం లైసెన్సులన్నీ ఒక్క వేటుతో రద్దు చేశారు. వేసవి వేట నిషేధం ముగిశాక ప్రతి బోటూ కొత్త పోర్టల్లో దరఖాస్తు పెట్టుకోవాలి. పోర్టల్ ఇచ్చిన అనుమతిపత్రం చూపించాకే మొగ దాటాలి. మొగంటే ఏరు సముద్రంలో కలిసే చోటు; వేటకెళ్ళే బోట్లన్నీ ఆ సందులోంచే పోవాలి. అక్కడ చేతిలో ట్యాబుతో ఒక గార్డు నిలబడి, పత్రం లేనివాణ్ణి వెనక్కి తిప్పేస్తాడు.

ఆ పోర్టల్ రాసే పని రత్నానిది. రత్నానికి అది ఉత్త ఉద్యోగం కాదు. తండ్రి పోయాక తనని పెంచి, చదివించిన మేనమామ పోలయ్యకి కొత్తమొగ అనే ఊళ్ళో ఒక బోటుంది. నిషేధం ఎత్తేసిన మొదటి రోజుల్లోనే చేప దండిగా పడుతుంది. ఆ రోజులు చేజారితే ఏడాదంతా అప్పోసప్పో చేసి బతకాలి.

"ఈ సీజను కూడా పోతే బోటు అమ్మీసి గుజరాతు, వెరావల్ రేవుకి ఎల్లిపోతానే గుంటా. ఎవుడి బోటు మీదో కూలీకి. ఈ వయసులో నాకదే రాసున్నాదేమో," అని పోలయ్య ముందే చెప్పేశాడు. చెప్పి ఊరుకోలేదు, బోటు చూసిపొమ్మని ఓ బేరగాడికి కబురు కూడా పెట్టాడు.

అందుకని రత్నం తిండీ నిద్రా లెక్కచెయ్యకుండా పోర్టల్ రాసింది. నిషేధం ఇంకా కొద్దిరోజుల్లో ముగుస్తుందనగా పని పూర్తయింది. దరఖాస్తు పెడితే అనుమతిపత్రం వస్తోంది, పత్రం మీద బోటు నంబరు వస్తోంది, గార్డు ట్యాబులో ఆ నంబరు కనబడుతోంది. శుభ్రంగా పనిచేస్తోంది. దాని కొంప ముంచింది కూడా అదే.

సమీక్షా సమావేశం జరిగింది. డైరెక్టరు సర్వోత్తమరావుగారు మధ్య కుర్చీలో కూర్చున్నారు. ఆయన మాట్లాడితే ఉత్తర్వు చదివినట్టుంటుంది, ఇంట్లో కాఫీ అడిగినా అంతేనని ఆయన భార్యే చెబుతుంది. ఆయన కుడిపక్కన సూపరింటెండెంటు కనకలింగంగారు. ముప్పయ్యేళ్ళ సర్వీసులో సొంతంగా ఒక్క వాక్యం రాసిన పాపాన పోలేదాయన. ఏ సందర్భానికైనా పాత ఉత్తర్వు ఒకటి తీసి, తేదీ మార్చి అతికిస్తాడు. అందుకే ఆయన మీద ఇంతవరకు ఒక్క మచ్చ లేదు.

రత్నం పోర్టల్ చూపించింది. అందరూ తలలూపారు. అక్కడితో ఆగితే ఏ గొడవా ఉండేది కాదు.

"లోపలి సరంజామాను కూడ ప్రదర్శించుడు. పారదర్శకత ఈ సంస్థ ఊపిరి," అన్నారు సర్వోత్తమరావుగారు.

రత్నం ప్రోగ్రాము రాసిన ఎడిటర్ తెరిచింది. గోడంత తెరమీద ఆమె రాసిన పంక్తులు ప్రత్యక్షమయ్యాయి. వాటిలో చాలావాటి కింద వంకర్లు తిరిగిన ఎర్రగీతలున్నాయి. గదిలో ఎవరో దగ్గబోయి మానుకున్నారు.

"ఏమిటా గీతలు?"

"అవేం తప్పులు కావు సార్. ఇది ఎడిటర్. నేను రెండక్షరాలు కొడితే మిగతా మాట ఇదే అందిస్తుంది, చెయ్యి నొప్పి పుట్టకుండా. అయితే మనం వాడుతున్న పైథాన్ ఫ్రేమ్‌వర్క్, అంటే ప్రోగ్రాముకి ముందే కట్టిపెట్టిన చట్రం, ఉంది చూశారూ, అది కొన్ని పేర్లని ప్రోగ్రాము నడిచేటప్పుడు తనంతట తనే పుట్టిస్తుంది. అంతకు ముందు అవి ఎక్కడా కనబడవు. ఎడిటర్ ప్రోగ్రాముని నడిపి చూడదు సార్, ఉత్తినే చదువుతుంది. అందుకని ఆ పేర్లు నాకు తెలీవంటుంది, అందించదు, కింద ఎర్రగీత పెడుతుంది. ప్రోగ్రాము మాత్రం నిక్షేపంలా నడుస్తోంది."

"అనగా తమరు వ్రాసినది ఎడిటరు వారికి తెలియదు."

"ఎడిటర్‌కి తెలీదు సార్, కానీ..."

"ఎడిటరు వారికే తెలియనిది డైరెక్టరేటు వారికి తెలిసినట్లు భావించుట ఎట్లు?"

కనకలింగంగారు ముందుకి వంగారు. "అభ్యంతరము నమోదైనట్లే సార్. రేపు ఆడిట్ వారు వచ్చి, ఎర్రగీత కనబడుచుండగా ఏల విడుదల చేసితిరి అని అడిగిన, మనవద్ద సమాధానము లేదు."

"నడుస్తోంది కదండీ!" అంది రత్నం.

"నడుచుట వేరు, అభ్యంతరము లేకుండుట వేరు," అన్నారు సర్వోత్తమరావుగారు, పసిపిల్లకి చెప్పినట్టు. "నడుచునా లేదా అని మమ్ములను అడుగువారు లేరు. గీత ఏల ఉన్నదని అడుగువారు ఉన్నారు."

మర్నాటికల్లా సర్క్యులర్ వచ్చింది. ఎర్రగీతయుక్త పంక్తులు గల ఏ ప్రోగ్రామునూ ప్రజాబాహుళ్యమునకు విడుదల చేయరాదనీ, ఎడిటరు వారి సంపూర్ణ సంతృప్తిని పొందిన పిదపనే ఫైలు పైకి పంపవలెననీ అందులో ఉంది. ప్రతులు పంపినవారి జాబితాలో ఎడిటరు వారి పేరు కూడా ఉంది.

రత్నానికి ఒళ్ళు మండింది. కానీ మండి ఏం లాభం? సర్వర్ తాళం కనకలింగంగారి దగ్గరుంది. ఆయన పాస్‌వర్డ్ కొడితేగాని పోర్టల్ జనంలోకి పోదు. సరే, గీతలే కదా అడ్డం, వాటి సంగతే చూద్దామనుకుని కూర్చుంది.

దానికో ఉపాయం ఉంది. ఫ్రేమ్‌వర్క్ పుట్టించబోయే పేర్లన్నీ ముందుగానే ఒక ఫైల్లో ప్రకటించి పెడితే ఎడిటర్ ఆ ఫైలు చదువుకుని, ఓహో, ఇలాంటివి ఉన్నాయన్నమాట అని తృప్తిపడుతుంది. ఆ ఫైల్లో పేర్లే ఉంటాయి, పని ఉండదు. పని ఉండాల్సిన చోట మూడు చుక్కలు పెట్టి వదిలేస్తారు. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు. పని అసలు ప్రోగ్రాములో ఎలాగూ ఉంది కాబట్టి ఇబ్బంది లేదు. ఆ రంగంలో ఇలాంటి ఫైలుని స్టబ్ అంటారు.

రత్నం కూర్చుని అలాంటి ఫైలు తయారుచేసింది. నిజం చెప్పాలంటే ఆ పని ఆమెకి నచ్చింది కూడా. ఇన్నాళ్ళూ మూగనోము పట్టిన ఎడిటర్ ఒక్కసారిగా నోరు విప్పింది. రెండక్షరాలు కొట్టేసరికి మిగతా మాట టక్కున అందిస్తోంది. ఒక్కో గీతా మాయమవుతుంటే రత్నానికి పేలు కుక్కినంత సుఖంగా ఉంది. చివరికి మూడు నాలుగు గీతలు మాత్రం ఎంత మొత్తుకున్నా పోలేదు. ఆ ఫ్రేమ్‌వర్క్ తత్వమే అంత, వాటిని ఎవరూ ఏమీ చెయ్యలేరు.

మళ్ళీ సమావేశం, మళ్ళీ గోడంత తెర. మిగిలిన గీతల్ని చూసి సర్వోత్తమరావుగారు మొహం చిట్లించారు. ఈలోగా రత్నం చెయ్యి జారి స్టబ్ ఫైలు తెరుచుకుంది. పొడుగాటి ఫైలు. పై నుంచి కింది దాకా ఒక్క గీత లేదు.

సర్వోత్తమరావుగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "ఇది ఏమిటి?"

"ఉత్త పేర్ల ఫైలు సార్. అనుమతి, దరఖాస్తు, తనిఖీ, ఫిర్యాదు, అన్నీ ప్రకటించి పెట్టాను."

"ఇందు పని ఎచ్చట ఉన్నది?"

"లేదు సార్. పని చోట మూడు చుక్కలు పెడతాం."

"మరి తప్పు?"

"పనే లేనప్పుడు తప్పెక్కణ్ణించొస్తుంది సార్?" అని నవ్వింది రత్నం.

ఆ నవ్వు నవ్వకుండా ఉండాల్సింది. సర్వోత్తమరావుగారి మొహంలో జ్ఞానోదయమైనవాడి వెలుగు కనిపించింది. ఆయన సర్వీసంతా వెతుకుతున్నది ఎదురుగా గోడమీద ఉంది. శాఖలున్నాయి, హోదాలున్నాయి, పేర్లున్నాయి, చెయ్యవలసినదంతా చేస్తామని ప్రకటించి ఉంది. ఎక్కడా ఏమీ జరగడం లేదు, ఎవరికీ ఏ అభ్యంతరమూ లేదు.

"కనకలింగంగారూ, తప్పున్న ఫైలును ప్రజలకిచ్చి తప్పులేని ఫైలును మనవద్ద దాచుకొనుట ఏ నీతి?"

"ఘోరమగు అపచారము సార్."

"దీనినే విడుదల చేయుడు."

"సార్, అయ్యో, అది పనిచెయ్యదు సార్!" అంది రత్నం. "దరఖాస్తు పెడితే తెల్లపేజీ వస్తుంది. పత్రం రాదు. పత్రం లేకపోతే గార్డు బోట్లు వదలడు. మా మావయ్య బోటు అమ్మేస్తానంటున్నాడు సార్!"

"తమరి కుటుంబ పరిస్థితి సానుభూతితో పరిశీలింపబడును," అన్నారు సర్వోత్తమరావుగారు.

"నేను ఎక్కించను."

"ఎక్కించుట తమరి పరిధి కాదు," అని కనకలింగంగారు చొక్కా జేబులోంచి పాస్‌వర్డ్ రాసుకున్న చీటీ తీశారు.

మంత్రిగారొచ్చి ప్రారంభోత్సవం చేశారు. మీట నొక్కగానే తెల్లపేజీ వచ్చింది. అంత తెల్లటి, మచ్చలేని పాలన రాష్ట్రచరిత్రలో లేదని మంత్రిగారు ఉపన్యసించారు. చప్పట్లు మోగాయి. పోర్టల్ మీద ఒక్క ఫిర్యాదూ రాలేదని వారం తిరక్కుండానే పత్రికా ప్రకటన ఇచ్చారు. ఫిర్యాదుల పేజీలోనూ మూడు చుక్కలే అన్న సంగతి ప్రకటనలో లేదు.

నిషేధం ముగిసింది. కొత్తమొగలో బోట్లు రంగులేసుకుని, వలలు సర్దుకుని, మొగ దగ్గరికెళ్ళి, పత్రం లేక వెనక్కి వచ్చాయి. డైరెక్టరేటులో మాత్రం కనకలింగంగారు ఒక నోటు పెట్టారు. పోర్టల్‌నందు ఏ బోటుపైననూ అభ్యంతరము నమోదు కానందున, జిల్లాలోని బోట్లన్నియు అనుమతి పొంది వేటకు తరలినట్లు పరిగణింపబడెను. డైరెక్టరుగారు ఆకుపచ్చ సిరాతో సంతకం చేశారు.

పోలయ్య రెండు బస్సులు మారి ఆఫీసుకొచ్చాడు. రత్నం అతన్ని కనకలింగంగారి బల్ల దగ్గరికి తీసుకెళ్ళింది.

"దండాలు బాబూ. నా బోటు కాయితం కోసరం వచ్చినాను. మైలపల్లి పోలయ్య, కొత్తమొగ."

కనకలింగంగారు రికార్డు చూసి, కళ్ళజోడు సర్దుకున్నారు. "మైలపల్లి పోలయ్య ప్రస్తుతము సముద్రమునందున్నాడు."

"సముద్రంలో ఎక్కడ బాబూ? మీ ముందలే కదా ఉన్నాను."

"అనుమతి పొంది, బోటుతో సహా వేటకు తరలివెళ్ళినాడు. ఇప్పుడు నీవు అనుమతి అడుగుట రెండవ దరఖాస్తు క్రిందికి వచ్చును. ఒక బోటుకు రెండు అనుమతులు నిషిద్ధము."

"నాకు మొదటిదే ఇవ్వనేదు బాబూ!"

"ఇవ్వలేదని ఎచ్చట ఉన్నది? చూపుము."

పోలయ్య రత్నం వైపు తిరిగాడు. "ఏటే ఇది? దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటే ఇన్నాను. ఇక్కడ దేవుడూ లేడు, పూజారీ లేడు, ఇచ్చీసినామంతన్నారు."

"సముద్రమునుండి తిరిగివచ్చిన పిదప కనబడవలసినది," అన్నారు కనకలింగంగారు, మర్యాదగా నమస్కారం పెడుతూ.

బస్టాండులో బస్సెక్కే ముందు పోలయ్య, "బేరగాడు ఆదివారం వస్తానన్నాడే," అన్నాడు. ఆ రాత్రి రత్నానికి అన్నం సహించలేదు. తన చెయ్యి జారింది, తన నోరు జారింది, మావయ్య బోటు జారిపోతోంది. ఛీ, ఏం చదువు, ఏం ఉద్యోగం అని తనని తనే తిట్టుకుంది.

అంతలో వాతావరణ కేంద్రం నుంచి కబురొచ్చింది. బంగాళాఖాతంలో అల్పపీడనం ఉందనీ, వేటకెళ్ళిన బోట్లన్నీ తక్షణం ఒడ్డుకి రావాలనీ దాని సారాంశం. నిబంధన ప్రకారం ఒడ్డుకొచ్చిన ప్రతి బోటూ తన రాకని పోర్టల్లో నమోదు చేసుకోవాలి. రాక పేజీలో ఏముందో వేరే చెప్పక్కర్లేదు. సాయంత్రానికి కనకలింగంగారు లెక్క తేల్చారు. వెళ్ళిన బోట్లన్నీ వెళ్ళాయి, ఒక్కటీ తిరిగి రాలేదు.

డైరెక్టరేటు గొల్లుమంది. గాలింపు బృందాన్ని పంపారు. అది కొత్తమొగ దాకా పోయి నివేదిక ఇచ్చింది: ఇసుకపై కొన్ని బోట్లు గోచరించినవి, అయితే సదరు నంబర్లు గల బోట్లు రికార్డు ప్రకారము సముద్రమునందున్నందున, ఇవి అవి కావని నిర్ధారించడమైనది.

రత్నం డైరెక్టరుగారి గదిలోకి అడగకుండా దూసుకుపోయింది. "సార్, వాళ్ళు గల్లంతు కాలేదు. అందరూ ఊళ్ళోనే ఉన్నారు. పొద్దున్నే మావయ్యతో ఫోన్లో మాట్లాడాను!"

సర్వోత్తమరావుగారి కళ్ళు చెమ్మగిల్లాయి. మనసు మంచిదే ఆయనది. "కూర్చొనుము తల్లీ. పోయినవారి గొంతు కొన్నాళ్ళు అట్లే వినవచ్చును. మా తండ్రిగారు పోయినప్పుడు నాకునూ అట్లే అయినది. సెలవు మంజూరు చేయుచున్నాను."

"సార్, అందరూ బతికున్నారు సార్!"

"జీతముతో కూడిన సెలవు," అన్నారాయన.

గల్లంతు అని ఎన్నాళ్ళు ఉంచుతారు? ఉంచితే ఫైలు పెండింగులో పడుతుంది. పెండింగు మీద పైవాళ్ళు ఎర్రగుర్తు పెడతారు. ఆ గుర్తుకి డైరెక్టరేటంతా హడలి, రెండురోజులకే ఉత్తర్వు తీసింది. గల్లంతైన మత్స్యకారులు మృతి చెందినట్లు భావించి, వారి బోట్లు నశించినట్లు పరిగణించి, రికార్డు నుండి సదరు పేర్లను, నంబర్లను తొలగించడమైనది. ఫైలు ముగించడమైనది.

మంత్రిగారు పరామర్శకి కొత్తమొగ వచ్చారు. పోలయ్య భార్య బంగారమ్మ అరుగు మీద చాప పరిచింది. వచ్చినవాడు ఎంతవాడైనా వచ్చినవాడే కదా అని పోలయ్య టీ గ్లాసులు పట్టుకొచ్చి అందరికీ అందించాడు. మంత్రిగారు గ్లాసు అందుకుంటూ అతని భుజం తట్టారు.

"నువ్వు పోలయ్యకి ఏమవుతావయ్యా?"

"నానే పోలయ్యని బాబూ."

"అంత దగ్గరి సంబంధమన్నమాట," అని మంత్రిగారు నిట్టూర్చారు. పక్కనున్న కనకలింగంగారు, "దుఃఖమున మనిషి అట్లే మాటాడును సార్," అని విన్నవించారు.

బంగారమ్మకి ఇక ఆగలేదు. "ఓరి మీ ఇల్లు బంగారం గానూ! నా మొగుడు నిక్షేపంలాగ టీ పోస్తంటే సచ్చిపోనాడంతారేటి? నా బొట్టు చూసి మాటాడండి!" అని చీపురు అందుకుంది. పరామర్శ కార్యక్రమం విజయవంతంగా ముగిసినట్టు మర్నాడు పత్రికల్లో వచ్చింది.

అందరూ పోయాక, సెలవు మీద ఊరొచ్చిన రత్నం అరుగు మీద కూలబడి ఏడ్చింది. "అంతా నా వల్లే మావా. ఇప్పుడు నీకు బతికున్నట్టు సర్టిఫికెట్ తేవాలి. తర్వాత బోటు పుట్టినట్టు సర్టిఫికెట్. ఆ తర్వాత లైసెన్సు. ఈ సీజను కాదు, ఈ జన్మకి కాదు."

పోలయ్య బీడీ కాలుస్తూ సముద్రం వైపు చూశాడు. అల్పపీడనం కాస్తా ఒడిశా వైపు వెళ్ళిపోయింది, కెరటాలు చల్లబడ్డాయి. ఉన్నట్టుండి లేచి, లుంగీ ఎగ్గట్టి, తన బోటు మీద పనిచేసే కళాసీల్ని కేకేశాడు. ఇసుకమీదున్న బోటుని నీళ్ళలోకి తోశారు. అతన్ని చూసి పక్కవాడు, వాణ్ణి చూసి ఆ పక్కవాడు తోశారు. రత్నం కళ్ళు తుడుచుకుని మొగ దాకా పరిగెత్తింది.

గార్డు చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆపండి, ఆపండి! కాయితం ఏదీ?"

"నంబరు కొట్టి సూడు నాయినా," అన్నాడు పోలయ్య.

గార్డు ట్యాబులో నంబరు కొట్టాడు. ఆ నంబరు బోటు లేదంది ట్యాబు. మళ్ళీ కొట్టాడు. లేదంది. వెనకున్న బోటు నంబరు కొట్టాడు. అదీ లేదంది. డైరెక్టరేటుకి ఫోన్ చేశాడు. ఫోన్లో కనకలింగంగారి గొంతు పక్కనే నిలబడ్డ రత్నానికి కూడా స్పష్టంగా వినబడింది.

"రికార్డునందు లేని బోటును నిలుపుదల చేయుటకు నిబంధనలలో అవకాశము లేదు. నిలిపినచో అది ఉన్నట్లు అంగీకరించినట్లగును. పిదప అందరమూ సంజాయిషీ ఇచ్చుకొనవలెను. నీవు ఏమియు చూడలేదు."

గార్డు ఫోన్ జేబులో పెట్టుకుని, ట్యాబు చంకలో పెట్టుకుని, సముద్రానికి వీపు తిప్పి నిలబడ్డాడు. ఇంజన్లు ఒక్కొక్కటీ అందుకున్నాయి. కొత్తమొగ బోట్లు ఒకదాని వెనక ఒకటి మొగ దాటి నీళ్ళలోకి పోయాయి. రత్నం ఏడుస్తూనే పగలబడి నవ్వింది.

"మావా, జాగర్త!" అని కేకేసింది.

పోలయ్య చుక్కాని పట్టుకుని వెనక్కి తిరిగాడు. "బతికున్నన్నాళ్ళూ తిరిగినాను, కాయితం ఇవ్వనేదు. సచ్చిపోనాక అడిగేవోడే లేడు. ముందే సెప్పుంటే, నిసేదం ఎత్తీసిన్నాడే సచ్చిపోదును కదే గుంటా!"